మూడో దెబ్బకు చేయి మార్చేవాడు

నేను పిరికివాణ్ణి. ఈ మాట మొదట్లోనే ఒప్పేసుకుంటే మిగతాది రాయడం తేలికవుతుంది. కోర్టు మీద నన్ను చూసినవాళ్లెవరూ దీన్ని నమ్మరు. ఆరడుగుల మనుషులిద్దరు మీదికొస్తుంటే వాళ్ల సందులోంచి బంతి కొట్టుకుంటూ దూరిపోయేవాణ్ణి. అది ధైర్యం కాదు. ఆట పోతే మళ్లీ మిల్లులో పత్తి దుమ్ము ఎగిరే బ్లో రూములోకి పోవాలి. ఆ రూమంటే నాకున్న భయం ముందు ఆరడుగుల మనుషులు ఏపాటి?

డెబ్బైల చివర్లో ఆదోనిలో మా నూలు మిల్లు యజమానికి బాస్కెట్‌బాల్ పిచ్చి ఉండేది. మిల్లు ఆవరణలో సిమెంటు కోర్టు వేయించి, ఒక జట్టును పెంచాడు. కాగితాల మీద మేమంతా మిల్లు కార్మికులమే. పొద్దున రెండు గంటలు టైమాఫీసులోనో స్టోర్సులోనో తూతూమంత్రంగా పనిచేసి, మిగతా రోజంతా ఆడేవాళ్లం. బళ్లారి, గుంతకల్లు, అనంతపురం, కర్నూలు, ఎక్కడ పోటీలుంటే అక్కడికి మిల్లు వ్యానులో పోయేవాళ్లం. జీతం మాత్రం ఆటకే. "బంతి కొడితే కూడు పెడతారా?" అని మా అత్త పెళ్లిచూపుల్లోనే అడిగింది. పెడతారని ఆమెకు నమ్మకం కలగడానికి ఐదేళ్లు పట్టింది.

నేను ఆ జట్టులో పాయింట్ గార్డుని. బంతిని మన వైపు నుంచి అవతలి వైపుకు భద్రంగా తీసుకుపోయి, ఎవరికి అందిస్తే పని జరుగుతుందో చూసి అందించేవాడు పాయింట్ గార్డు. దానికి పెద్ద పొడుగు అక్కర్లేదు. చేతులు చెప్పినట్టు వినాలి, కళ్లు బంతి మీద కాకుండా మనుషుల మీద ఉండాలి. అదృష్టం కొద్దీ నాకు ఆ రెండూ ఉన్నాయి. ఇక మోకాలి సంగతంటారా, ముప్పై రెండు దాటాక అది నా మాట వినడం మానేసింది. రోజూ ఆట మొదలయ్యే ముందు ఎవరూ చూడకుండా స్టోర్సు వెనక్కి పోయి నూనె రాసి, గట్టిగా గుడ్డ చుట్టి, పైన పొడుగు సాక్సు లాక్కునేవాణ్ణి.

మిల్లులో ఒక నియమం ఉండేది. ఆటకు పనికిరాడనుకున్న మనిషి, జట్టులోకి రాకముందు ఏ డిపార్టుమెంటులో పనిచేశాడో ఆ డిపార్టుమెంటుకే తిరిగి పోవాలి. నాది బ్లో రూము. పత్తి బేళ్లు విప్పి యంత్రంలో పోసి, దూదిని చీల్చి దుమ్ము ఎగరగొట్టే చోటు అది. అందులో ఎనిమిది నెలలు చేశాను. మూతికి తువ్వాలు కట్టుకున్నా రాత్రికి ఉమ్మితే తెల్లటి పోగులు పడేవి. మా నాయన జిన్నింగు ఫ్యాక్టరీలో ఇరవై ఏళ్లు అదే గాలి పీల్చాడు. ఆఖర్లో మా ఇంటి మూడు మెట్లు ఎక్కడానికి మధ్య మెట్టు మీద కూర్చుని అలుపు తీర్చుకునేవాడు. ఆయన పోయింది యాభై దాటకముందే. కాబట్టి నాకు బ్లో రూమంటే దుమ్ము కాదు. మా నాయన కూర్చున్న ఆ మెట్టు.

ఒక ఎండాకాలం లేబర్ ఆఫీసరు నన్ను పిలిచాడు. జట్టు వ్యవహారమంతా ఆయన చేతిలోనే ఉండేది. గుంటూరు వైపు మనిషి, సున్నితంగా మాట్లాడేవాడు. అరిచేవాళ్లంటే నాకంత భయం ఉండేది కాదు, ఈయనలా సున్నితంగా మాట్లాడేవాళ్లంటేనే ఉండేది.

"ఎమ్మిగనూరులో ఒక కుర్రాడున్నాడటయ్యా, గార్డు. మన అనంతపురం రిఫరీ చూసి చెప్పాడు. నువ్వెళ్లి చూసి రా. గార్డు సంగతి గార్డుకే తెలుస్తుంది. చేతిలో బంతి ఎలా ఉందో చూడు. ఇవాళ ఎంత ఆడతాడన్నది ఒకటి, ముందు ముందు ఎంత ఆడగలడన్నది ఒకటి. రెండూ చెప్పాలి నువ్వు."

"అట్లేసార్," అన్నాను. వస్తే ఎవరి చోటులో సార్ అని అడగాలని నోటిదాకా వచ్చింది కానీ పెదవి దాటలేదు. ఆయనే కళ్లద్దాలు తుడుచుకుంటూ, "జట్టుకు గార్డు ఒకడు చాలు కదా," అన్నాడు. నా మోకాలి వైపు చూశాడో లేదో నాకు తెలియదు. చూశాడనే అనుకుని ఇంటికి వచ్చాను.

మా ఆవిడది ఎమ్మిగనూరే. మగ్గాల ఇంటి పిల్ల. చెప్పగానే జొన్నపిండి కలుపుతున్న చెయ్యి ఆపి నవ్వింది.

"దొంగ చేతికి తాళాలిచ్చినట్ల ఉండాది. బాగలేడని సెప్పు. అంతే గదా?"

"బాగుంటే?"

"బాగుంటే మాత్రం? హరిశ్చంద్రుడి కత మనకెందుకు? మీ నాయన దగ్గు ఈ ఇంట్ల నేనూ విన్నా." కాసేపు రొట్టె తట్టింది. తర్వాత తల ఎత్తకుండానే, "ఎవురింటోడంట?" అని అడిగింది. వీధి పేరు చెప్పాను. ఆమె రొట్టె తిరగేసింది.

ఆదివారం పొద్దున బస్సెక్కాను. ఎమ్మిగనూరులో దిగి, హైస్కూలు పక్కన సైకిల్ షాపు సాయిబును అడిగితే, "బంతోడా? ఆడనే ఉంటాడు సూడు. వారానికి రెండుసార్లు బంతికి హవా కొట్టిచ్చుకుంటాడు," అని గోడ అవతలికి చూపించాడు. మట్టి కోర్టు. ఒక పక్క రింగుకు వల లేదు, ఇంకో పక్క రింగే వంగిపోయి ఉంది. మధ్యలో ఒక మనిషి. ఇరవై రెండేళ్లుంటాయి. సన్నగా, పొట్టిగా, నేసిన గుడ్డతో ఇంట్లో కుట్టుకున్న నిక్కరు వేసుకుని ఒక్కడే బంతి కొట్టుకుంటున్నాడు.

ఆటగాణ్ణి చూడ్డంలో నాకో పద్ధతి ఉంది. మొదట బంతిని చూడను. భుజాలు చూస్తాను. బంతి ఎటు పోతుందో భుజం ముందే చెప్పేస్తుంటే వాడు పనికిరాడు. తర్వాత పాదాలు. ఆగాలనుకున్నప్పుడు ఆగుతున్నాయా, రెండడుగులు ఎక్కువ పోతున్నాయా అని. ఆ తర్వాత మెడ. బంతి కోసం మెడ వంగిందంటే అవతలివాడికి పండగే. అన్నీ అయ్యాకే చేయి. అరచేతితో కొట్టేవాడు బంతిని తరిమేస్తాడు, వేళ్లతో కొట్టేవాడు దాన్ని తన దగ్గర ఉంచుకుంటాడు.

సైకిల్ షాపు గోడకు ఆనుకుని అరగంట చూశాను. భుజాలు ఏమీ చెప్పలేదు. పాదాలు ఎక్కడికక్కడ ఆగాయి. ఆ కోర్టు నిండా గులకరాళ్లు. బంతి రాయి మీద పడి పక్కకు ఎగిరినప్పుడల్లా చెయ్యి దానికంటే ముందే అక్కడికి పోయేది. మెడ ఒక్కసారి కూడా వంగలేదు. సాయిబు దగ్గర నీళ్లు అడిగి తాగాను.

దగ్గరికి పోయి మిల్లు పేరు చెప్పగానే బంతి చంకలో పెట్టుకుని దండం పెట్టాడు. "నువ్వు బళ్లారిలో ఆడింది సూసినానన్నా. రైలెక్కి వచ్చి మరీ సూసినా," అన్నాడు. నన్ను చూసి నేర్చుకున్నవాణ్ణి నేను తూచాలన్నమాట. పొగడ్త విని సంతోషించే స్థితిలో లేను.

పరీక్షలు పెట్టాను. బంతి కొడుతూ నేను ఎన్ని వేళ్లు చూపిస్తున్నానో చెప్పమన్నాను. చెప్పాడు. చేతులు వెనక పెట్టుకుని ఉన్నట్టుండి చూపించాను. చెప్పాడు. బంతిలో గాలి సగం తీయించాను. ఆ చచ్చిన బంతిని కూడా మోకాలి ఎత్తులో అట్లే నిలబెట్టాడు. బంతి కొడుతూనే మాట్లాడమని, ఇంటి సంగతులు అడిగాను. నాయన లేడు. అమ్మ నూలు కండెలు చుడుతుంది, తను నేస్తాడు, తను లేనప్పుడు మగ్గం మీద అమ్మే కూర్చుంటుంది. గొంతులో ఏ తేడా లేదు, బంతిలోనూ లేదు. ఎడం చేత్తో కొట్టమన్నాను. అది ఎడం చెయ్యో కుడి చెయ్యో నాకు తెలియలేదు.

"ఎడం చెయ్యి ఎవరు నేర్పించినారప్పా?"

"ఎవురూ లేదన్నా. మా వీధిలో అందరివీ తాడు లాగే మగ్గాలు. మాదొకటే పాతది, పోగు కండె పెట్టిన నాడెను చేత్తో ఇసిరేది. ఈ చేత్తో ఏస్తే ఆ చేత్తో పట్టాల, ఆ చేత్తో ఏస్తే ఈ చేత్తో పట్టాల. సూసుకుంటా కూసుంటే పొద్దుగూకుతాది గదా."

అప్పుడు పడింది నా గుండెల్లో రాయి. పదేళ్లు కోర్టు మీద చచ్చీచెడీ నేను సంపాదించుకున్నదాన్ని ఇతను చిన్నప్పటి నుంచి మగ్గం గుంతలో కూర్చుని, తనకే తెలియకుండా సంపాదించుకున్నాడు.

భోజనానికి ఇంటికి రమ్మని పట్టుబట్టాడు. పోకూడదని తెలుసు. తీర్పు చెప్పేవాడు వాళ్లింటి తిండి తినకూడదు. అయినా పోయాను. వద్దంటే నా మనసులో ఉన్నది కనిపెడతాడేమోనని భయం. ఇంట్లో సగం మగ్గమే. గుంత అడుగున చెమ్మ. అతను గుంతలోకి దిగి కాళ్లు చూపించాడు. "పొద్దంతా ఈడ పెడితే సందేళకు తిమ్మిరెక్కుతాయన్నా. మా నాయనకు వాచిపోయి ఆఖరికి నడవనే లేకపాయె. నాకీ గుంతలోంచి పైకొస్తే సాలు," అన్నాడు. వాళ్లమ్మ నా విస్తట్లో రెండోసారి పప్పు వేస్తూ, "సారు సూస్తాడులే నాయనా," అంది. నేను తల వంచుకుని ఆ పప్పు కలుపుకున్నాను.

ఆ మధ్యాహ్నం ఏం చేయాలో తోచక మళ్లీ కోర్టు దగ్గరికి పోయాం. అతను కొడుతున్నాడు. చూసేకొద్దీ భయం పెరుగుతోందని గోడ వైపు తిరిగి కూర్చున్నాను. చూడకుండా కూర్చున్నవాడికి వినడం తప్ప పనేముంటుంది? విన్నాను.

దబ్, దబ్, టప్. దబ్, దబ్, టప్. రెండు దెబ్బలు ఒక చేత్తో, మూడోది అవతలి చేతికి. మళ్లీ రెండు, మళ్లీ మూడోదానికి చేయి మారడం. వేగం పెరిగినా అంతే, తగ్గినా అంతే. వాళ్లమ్మ మగ్గం మీద కూర్చున్నట్టుంది, వీధి లోపల్నుంచి అదే వరస వినిపిస్తోంది. బట్ట బిగువుగా రావాలని పలక రెండుసార్లు కొట్టి, ఆ తర్వాతే నాడె విసరడం. అతని చేతులు నేర్చుకున్న మంచీ చెడూ రెండూ అక్కడివే. ఊరంతా అదే చప్పుడులో పుట్టి అదే చప్పుడులో నిద్రపోయేవాళ్లు కాబట్టి అది తప్పని ఎమ్మిగనూరులో ఎవరి చెవికీ తట్టలేదు. ఆదోని వాణ్ణి కాబట్టి నాకు తట్టింది. అవతలివాడికి మూడు దాకా లెక్కపెట్టడం వస్తే చాలు, బంతి లాక్కోవచ్చు.

బతికాన్రా దేవుడా అనుకున్నాను. నిజంగా ఈ మాటే అనుకున్నాను, దాచడమెందుకు?

లేబర్ ఆఫీసరుతో ఆ సంగతి చెప్పలేదు. "ఒకసారి పిలిపించండి సార్, నా మీద ఆడించి మీరే చూడండి," అన్నాను. పెద్దమనిషి మాటలా ఉంది కదా. తరవాతి ఆదివారం అతను మిల్లుకు వచ్చాడు. షిఫ్టు దిగినవాళ్లంతా గోడ పొడుగునా చేరారు. ఆయన కుర్చీ వేసుకుని, ఒళ్లో కాగితం పెట్టుకుని కూర్చున్నాడు.

మొదటి రెండుసార్లు కావాలనే వదిలేశాను. నన్ను దాటుకుని పోయి పాస్ ఇచ్చాడు. గోడ దగ్గర ఈలలు వేశారు. "ముసలోడి పని అయిపోయె!" అని ఎవరో అరిచారు. మూడోసారి లెక్కపెట్టాను. ఒకటి, రెండు. మూడో దెబ్బ ఎక్కడ పడుతుందో అక్కడ నా చేయి ముందే ఉంది. బంతి తనంతట తానే వచ్చి అందులో పడింది. ఆ తర్వాతా అంతే, వరసగా అయిదుసార్లు లాక్కున్నాను. ఇప్పుడు ఈలలన్నీ నాకే. అతని ముఖంలో సిగ్గు కాదు, ఆశ్చర్యం. తన జేబులోది తను చూస్తుండగానే ఎవరో తీసుకుపోతున్నా ఎట్లా తీస్తున్నారో అంతుపట్టని మనిషిలా చూశాడు. ఆఫీసరు ఏదో రాసుకుని, అన్నం తిని వస్తానని లేచాడు. అందరూ క్యాంటీనుకు పోయారు.

కొళాయి దగ్గర ముఖం కడుక్కుంటుంటే అతను వచ్చాడు.

"అన్నా, ఒక మాట అడుగుతా. నా బంతి యాడికొస్తాదో నీకెట్ల తెలిసె?"

అనుభవమప్పా అని తప్పించుకుంటే పోయేది. ఎందుకు చెప్పానో ఇప్పటికీ సరిగా తెలియదు. అంత చిన్న సంగతి కనిపెట్టిన గొప్ప నాలో మురుగుతోంది, ఎవరికో ఒకరికి చెప్పుకోవాలి. ఇంకోటి, పుట్టినప్పటి నుంచి చేతిలో ఉన్నది ఒక్క పూటలో పోతుందా అన్న ధీమా. చెప్పేశాను. "మూడోదానికి చేయి మారుస్తాండావు. ఎప్పుడూ మూడోదానికే. నీది ఆట కాదప్పా, మగ్గం."

"మూడోదానికా?" అని అక్కడే నెమ్మదిగా కొట్టి చూసుకున్నాడు. దబ్, దబ్, టప్. ఇంకోసారి. ఉన్నట్టుండి పెద్దగా నవ్వాడు. "అవునే! అమ్మ మాదిరే పోతాండాది సూడు!"

నేను కొన్ని వందలమందికి వాళ్ల తప్పు చెప్పి ఉంటాను. కొందరు కోపం తెచ్చుకుంటారు. కొందరు తల వేలాడేసుకుంటారు. చాలామంది, అట్లే అన్నా అని మళ్లీ అదే చేస్తారు. తన తప్పు విని అంత ఇష్టంగా నవ్వినవాణ్ణి నేను అతనొక్కణ్ణే చూశాను. ఆ నవ్వు వినగానే నాకు చెమటలు పట్టాయి.

ఎండ నడినెత్తిన ఉంది. సిమెంటు మండుతోంది. అతను కోర్టు మధ్యకు పోయి మొదలుపెట్టాడు. కాసేపు బంతి కాలికి తగిలింది, చెయ్యి తప్పి దొర్లిపోయింది. హమ్మయ్య అనుకున్నాను. పరుగెత్తి తెచ్చుకుని మళ్లీ కొట్టాడు. "నాలుగు. ఒకటి. రెండు. అయిదు," అని పైకి చెప్పుకుంటూ, ఎన్ని చెబితే అన్ని దెబ్బలకు చేయి మార్చాడు. కొంతసేపటికి పెదవులు మాత్రమే కదిలాయి. ఇంకొంతసేపటికి అవీ ఆగిపోయాయి. నేను కళ్లు మూసుకుని విన్నాను. వరసే లేదు. ఎప్పుడేం వస్తుందో చెప్పడానికి లేదు.

"రా అన్నా, ఇప్పుడు తీసుకో సూద్దాం," అన్నాడు.

పోయాను. బంతికి నా వేలు కూడా తగల్లేదు. మోకాలు కలుక్కుమని నిలబడిపోయేదాకా ప్రయత్నించాను, తగల్లేదు. పది నిమిషాలు కూడా పట్టలేదు అతనికి. చేతిలో ఉన్న నేర్పు అందరికీ కనిపిస్తుంది. ముందు ముందు ఎంత ఎదుగుతాడన్నది, తప్పు తెలిశాక ఆ మనిషి ఏం చేస్తాడో అందులో కనిపిస్తుంది. లేబర్ ఆఫీసరు నన్ను చూడమన్నది దాన్నే. చూశాను. నేను తప్ప ఎవరూ చూడలేదు. కోర్టు చుట్టూ కాకి కూడా లేదు.

ఆఫీసరు గదిలో ఫ్యాను తిరుగుతున్నా నా చొక్కా తడిసిపోయింది. కిటికీలోంచి చూస్తే ఎదురుగా బ్లో రూము తలుపు. మధ్యాహ్నం షిఫ్టువాడొకడు బయటికొచ్చి తువ్వాలు దులుపుకుంటున్నాడు. కనుబొమలు, చెవులు, అంతా తెల్లగా ఉన్నాడు.

"ఏవయ్యా, అయిదుసార్లు లాక్కున్నావుగా. అయినా కుర్రాడి చేతిలో ఏదో ఉందనిపించింది నాకు. ఇంతేనంటావా, మెరుగవుతాడంటావా? సాయంత్రం ఇంకోసారి ఆడించి చూద్దామా?"

"అక్కర్లేదు సార్."

"అంటే?"

"అది చేతికి పట్టిన అలవాటు సార్. మగ్గం వరస. చిన్నప్పటిది, పోదు." నా గొంతు నాకే వేరేవాళ్లదిగా వినిపించింది. ఆయన నా ముఖంలోకి చూశాడు. ఇప్పుడు కనిపెడతాడు, ఇప్పుడు అడుగుతాడు అనుకుంటూ నిలబడ్డాను. ఆయన కలం మూత తీసి ఒక గీత గీశాడు. "నీకంటే ఎవరికి తెలుస్తుంది. సరే, నువ్వే చెప్పి బస్సెక్కించు," అన్నాడు.

ఆ ఒక్క మాటతో నాకు ఇంకో నాలుగేళ్లు గడిచాయి. ఎనభైల్లో యజమాని పోయాక కొడుకులు జట్టు ఎత్తేశారు. అప్పటికి నాకు టైమాఫీసులో కుర్చీ ఖాయమైంది. ఆ నాలుగేళ్లూ ఏ ఊళ్లో ఆడినా, అవతలి జట్టు వ్యాను దిగుతుంటే ముందు వాళ్ల ముఖాలు వెతికేవాణ్ణి. ఎక్కడైనా పొట్టిగా సన్నగా ఒకడు దిగితే, వాడు ఇటు తిరిగేదాకా చూపు తిప్పేవాణ్ణి కాదు. అతను ఏ జట్టులోనూ దిగలేదు. దిగి ఉంటే బాగుండునని అనుకునేంత ధైర్యం నాకు చాలా ఏళ్లకు గానీ రాలేదు. మా ఆవిడ ఆ రోజు రాత్రి జరిగిందంతా విని, కంచం ముందు పెట్టి, "ఇంగ ఆ మాట మనింట్లో తియ్యద్దు," అంది. తియ్యలేదు. కానీ దసరాకో దేనికో పుట్టింటికి పోదామన్నప్పుడల్లా ఆమె నన్ను రమ్మని అడిగేది కాదు, నేనూ వస్తాననేవాణ్ణి కాదు.

ఆ ఆదివారం బస్టాండుకు అతనూ నేనూ నడిచిపోయాం. దారిలోనే చెప్పేశాను, తీసుకోలేదని. పత్తి మార్కెట్టు గోడ దాటాక అడిగాడు.

"నువ్వు సెప్పిన తప్పు పోయింది గదన్నా? ఇందాక నువ్వే సూస్తివి."

ఇదే నేను భయపడిన ప్రశ్న. జవాబు ముందే సిద్ధం చేసుకున్నాను. "ఒక్కడివే ఉన్నప్పుడు పోతాదప్పా. మ్యాచిలో నలుగురు మీద పడితే మళ్లీ మగ్గమే వస్తాది. ఎంతమందిని సూసినా నేను."

ఆగి, రెండు చేతులూ ముందుకు చాపి, అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు. పది నిమిషాల్లో తన చేతులతో తానే గెలిచిన మనిషి. నా చేతుల్లోంచి బంతిని తప్పించిన మనిషి. అరవాల్సింది. ఆఫీసరు దగ్గరికి పోదాం పదమనాల్సింది. అట్లా అంటాడన్న భయంతో బస్టాండు ఇంకెంత దూరముందో చూసుకున్నాను.

"నువ్వు సెప్తే నిజమేలేన్నా," అన్నాడు. "ఎవురికీ తెలీంది నీకొక్కడికే తెలిసె. అదీ నీకే తెలుస్తాది."

ఎమ్మిగనూరు బస్సు వచ్చి ఆగింది. జనం ఎక్కుతున్నారు. అతను మెట్టు మీద కాలు పెట్టి, మళ్లీ దిగి నా దగ్గరికొచ్చాడు.

"అన్నా, సాయంత్రం పూట మా స్కూలు పిల్లోళ్లకు నేర్పిస్తాంటా. నా తప్పు వాళ్ల చేతికి అంటగూడదు. ఇంగేం తప్పులుండాయో అవి గూడా సెప్పు. నేను ఏమనుకోను."

వెతికాను. నిజంగా వెతికాను. భుజాలు, పాదాలు, మెడ, వేళ్లు అన్నీ ఒకసారి కళ్ల ముందుకు తెచ్చుకున్నాను. ఏదో ఒకటి దొరికితే చెప్పి బయటపడదామనుకున్నాను.

"ఇంకేం లేవప్పా," అన్నాను.

"అదొక్కటేనా?" అతని ముఖం వెలిగిపోయింది. కండక్టరు ఈల వేస్తుంటే నా కుడి చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. పోగు తెగితే చీకట్లో కూడా వేళ్లతో పట్టేసే చేతులవి. నేను ఊపిరి బిగబట్టాను. నా అరచేయి చల్లగా, తడితడిగా ఉంది. ఆ తడి ఎందుకో ఆ వేళ్లకు తెలిసిపోతుందని భయమేసి, అతను వదలకముందే నా చెయ్యి లాక్కున్నాను.